తాళం వెనక కంప్యూటర్ పాఠం: ల్యాబ్ నుంచి విడుదల రోజు దాకా

జైల్లో కంప్యూటర్ తరగతి పెడదామనుకున్నవాళ్లు మొట్టమొదట ఏ కోర్సు చెప్పాలా అని ఆలోచిస్తారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మన ఎదుట బెంచీ మీద కూర్చున్న మనిషి ఆ జైల్లో ఎన్నాళ్లు ఉంటాడు? 2022 చివరి నాటి జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో సుమారు 5.73 లక్షల మంది ఉంటే, వారిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురన్నమాట. బెయిలు ఎప్పుడొస్తుందో వాళ్లకీ తెలియదు, వాళ్ల వకీలుకీ తెలియదు. అలాంటివారితో ఆరు నెలల కోర్సు మొదలుపెడితే నేర్చుకున్నది సగంలో ఆగిపోతుంది, చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

అందుకని మొదటి రోజునుంచే రెండు దారులు వేయాలి. రిమాండ్‌లో ఉన్నవారికి రోజుకు 2 గంటల చొప్పున 10 రోజుల ముక్కలు. ఏ ముక్కకి ఆ ముక్క పూర్తి కావాలి, వేటికవే సర్టిఫికెట్లు ఇవ్వాలి. టైపింగ్ ఒకటి, స్ప్రెడ్‌షీట్ ఒకటి, బిల్లులు తయారు చేయడం ఒకటి. ఎవరైనా ఎక్కడైనా చేరవచ్చు, ఎక్కడైనా దిగిపోవచ్చు. ఏడాది పాటు సాగే ప్రోగ్రామింగ్ వంటివి శిక్ష పడినవారికి, అదీ విడుదలకు ఇంకా కనీసం ఏడాదిన్నర ఉన్నవారికి పెట్టుకోవాలి. కోర్టు వాయిదాలకు వెళ్లే రోజులు అందరికీ ఉంటాయి కాబట్టి, వారంలో ఒక పూట తప్పిపోయిన పాఠాలకే వదిలేయాలి.

నెట్ లేకుండా ప్రోగ్రామింగ్ నేర్పడం సాధ్యమేనా అనే అనుమానం ఎప్పుడో తీరిపోయింది. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో 'ది లాస్ట్ మైల్' అనే కార్యక్రమం 2010లో మొదలైంది. అదే 2014లో కోడింగ్ తరగతిగా పెరిగింది. లోపల ఇంటర్నెట్ లేదు. బయటి వెబ్‌ని పోలిన వాతావరణాన్ని లోపలి సర్వర్ మీదే కట్టుకుని, వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పారు. అక్కడ నేర్చుకున్నవారిలో కొందరు బయటికొచ్చాక సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంజనీర్లయ్యారు. అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రంలోని జైళ్లు ఇంకో అడుగు ముందుకేసి, లోపలి నుంచే బయటి కంపెనీలకు పని చేసే వీలు కొందరికి కల్పించాయి. మన దగ్గర అంత దూరం వెళ్లడానికి సమయం పడుతుంది. కానీ నెట్ లేని ల్యాబ్ మాత్రం ఏ కేంద్ర కారాగారంలోనైనా ఇవాళే పెట్టవచ్చు.

గది, కరెంటు, యంత్రాలు

20 మందికి 20 డెస్క్‌టాప్‌లు చాలు. ఇద్దరికి ఒకటి అంటే ఒకరు టైప్ చేస్తారు, రెండోవారు చూస్తూ కూర్చుంటారు. కంపెనీలు తీసేసిన పాత ఆఫీసు కంప్యూటర్లే సరిపోతాయి. 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఉంటే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ హాయిగా నడుస్తుంది. హార్డ్ డిస్కుతో వచ్చిన యంత్రాన్ని అలాగే వాడొద్దు. పాత డిస్కులు కరెంటు పోయి వచ్చే ఊపుకి త్వరగా పాడవుతాయి, ఆన్ కావడానికే మూడు నాలుగు నిమిషాలు తినేస్తాయి. రోజుకు 2 గంటల తరగతిలో అది చిన్న నష్టం కాదు.

మానిటర్‌తో కలిపి ఒక్కో యంత్రం 60 నుంచి 80 వాట్లు లాగుతుంది. అంటే 20కి దాదాపు ఒకటిన్నర కిలోవాట్. జైలు గదుల్లో పాత వైరింగ్ ఉంటుంది. ఫ్యాన్ల లైన్ మీదే వీటిని తగిలిస్తే మొదటి వారంలోనే ట్రిప్ అవుతుంది. ల్యాబ్‌కి విడిగా 16 ఆంపియర్ ఎంసీబీతో ఒక లైను, సరైన ఎర్తింగ్ వేయించాలి. యూపీఎస్ అన్నిటికీ లేకపోయినా పర్వాలేదు, సర్వర్‌కీ, యంత్రాలను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కీ మాత్రం 1 కేవీఏది తప్పనిసరి. కేబుళ్లు పీవీసీ కేసింగ్‌లో వెళ్లాలి. ఎలుకలు కొరికిన నెట్‌వర్క్ వైరు పూర్తిగా చచ్చిపోదు, వచ్చీ రానట్టు పనిచేస్తుంది. అలాంటి తప్పు వెతకడానికి రోజులు పడతాయి.

భద్రత సంగతి అధికారులు అడగకముందే మనమే చేసి చూపించాలి. వైఫై, బ్లూటూత్‌లను బయోస్‌లో (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) ఆపేశామంటే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడం సరైనదే కూడా. కంప్యూటర్ డబ్బా (కేసు) విప్పి వైఫై కార్డు తీసేసి, తీసిన కార్డులన్నీ లెక్కపెట్టి ఆఫీసుకు అప్పగించాలి. ముందువైపు యుఎస్‌బి పోర్టులకు వెళ్లే తీగను మదర్‌బోర్డు దగ్గరే ఊడదీయాలి. వెనకవైపు పోర్టుల్లో కీబోర్డు, మౌస్ తప్ప ఏదీ పనిచేయకుండా యుఎస్‌బి గార్డ్ అనే లినక్స్ ప్రోగ్రామ్‌తో అనుమతించిన పరికరాల జాబితా పెట్టుకోవచ్చు. బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టి, ఎస్‌ఎస్‌డీ నుంచి తప్ప బూట్ కాకుండా చేయాలి. చాలా యంత్రాల్లో కేసు తెరవగలిగితే ఆ పాస్‌వర్డ్ చెరిపేయవచ్చు. కాబట్టి కేసుకి తాళమో, నంబరున్న సీలో ఉండాలి. సీలు నంబర్లు రిజిస్టర్లో రాసి నెలకోసారి సరిచూడాలి.

మహిళా ఖైదీల విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చివరికి వదిలేస్తే నిజంగానే వదిలేస్తారు. ల్యాబ్ పురుషుల వైపు కడితే మహిళల బ్యారక్‌కి అది ఎప్పటికీ చేరదు. 6 ల్యాప్‌టాప్‌లు, ఒక చిన్న స్విచ్, సర్వర్ నకలు ఉన్న ఇంకో ల్యాప్‌టాప్, అన్నీ తాళం వేసే ఒక ట్రాలీలో పెట్టి వాళ్ల వైపే ఉంచాలి. మొదటి బడ్జెట్‌లోనే ఈ ట్రాలీ ఉండాలి.

సర్వర్ లోపల ఏముండాలి

16 జీబీ ర్యామ్, 1 టీబీ డిస్కులు రెండు ఉన్న ఒక మామూలు కంప్యూటరే సర్వర్. 24 పోర్టుల స్విచ్‌కి అందరూ కలుస్తారు, ఆ స్విచ్ నుంచి బయటికి వెళ్లే తీగ మాత్రం ఏదీ ఉండదు. విద్యార్థి ఫైళ్లు సర్వర్‌లోనే ఉండాలి. అప్పుడు ఏ యంత్రం ముందు కూర్చున్నా వాళ్ల పని వాళ్లకి కనబడుతుంది.

కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం వికీపీడియానీ, ప్రోగ్రామర్లు వాడే స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రశ్న జవాబుల భండారాన్నీ ఆఫ్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. స్టాక్ ఓవర్‌ఫ్లో ఒక్కటే 70 జీబీ దాటుతుంది. ఖాన్ అకాడమీ పాఠాల వీడియోలను ఆఫ్‌లైన్‌లో చూపడానికి కోలిబ్రి అనే సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ పెద్ద అండ. లిబ్రే ఆఫీస్, లినక్స్, పైథాన్ వంటి విషయాల మీద పది నిమిషాల చిన్న చిన్న పాఠాలు, చాలావాటికి తెలుగు గొంతు ఉంది. వీడియో ఆపి, చేసి, మళ్లీ ముందుకు వెళ్లేలా తయారైన పాఠాలు కావడంతో బోధకుడు రాని రోజు కూడా తరగతి ఆగదు. కోడ్ దాచుకోవడానికి గిటియా, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలకి వెర్డాచియో పెట్టాలి. పైథాన్ ప్యాకేజీలను ముందే దించి ఒక ఫోల్డర్లో ఉంచితే చాలు.

కొత్త సరుకు లోపలికి నెలకోసారి, ఒకే ఒక్క హార్డ్ డిస్కు మీద, ఒకే అధికారి చేతుల మీదుగా రావాలి. తేదీ, ఫైళ్ల జాబితా, ఎన్ని జీబీలు, ఇద్దరి సంతకాలు. ఈ క్రమశిక్షణ తప్పితే ఒక్క పెన్‌డ్రైవ్ చాలు, ల్యాబ్ మూతపడటానికి.

ఇలాంటి ల్యాబుల్లో వచ్చే తప్పుల్లో బయట ఎవరికీ ఎదురుకానివి కొన్ని ఉంటాయి. ఒకటి గడియారం. నెట్ లేదు కాబట్టి యంత్రాలకి సమయం సరిచేసేవారు లేరు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయిన యంత్రం స్విచ్ వేసిన ప్రతిసారీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. అప్పుడు బ్రౌజర్ సెక్యూరిటీ సర్టిఫికెట్లు తప్పంటుంది, ఇవాళ రాసిన ఫైలు పదేళ్ల నాటిదని చూపిస్తుంది. విద్యార్థి తన కోడ్‌లోనే తప్పుందనుకుని గంటలు వృథా చేసుకుంటాడు. కొన్నప్పుడే 20 బ్యాటరీలూ మార్చేయాలి, సర్వర్‌నే టైం సర్వర్‌గా పెట్టాలి.

రెండోది, బయటినుంచి తెచ్చిన వెబ్ పేజీ నమూనాలు. అక్షరాల ఫాంట్లనీ, జేక్వెరీ వంటి రెడీమేడ్ కోడ్‌నీ అవి నెట్ నుంచి లాక్కునేలా రాసి ఉంటాయి. లోపల తెరిస్తే పేజీ తెల్లగా ఉండిపోతుంది, లేదా అర నిమిషం తిరిగి తిరిగి అస్తవ్యస్తంగా తెరుచుకుంటుంది. లోపలికి పంపే ముందు బయట ఒక కంప్యూటర్‌కి నెట్ తీగ పీకేసి ప్రతి పాఠాన్నీ ఒకసారి నడిపి చూడటమే దీనికి మందు.

మూడోది, రెండు డిస్కులు ఉన్నాయి కదా, బ్యాకప్ ఉన్నట్టే అనుకోవడం. రెండూ ఒకదానికొకటి అద్దంలా నడిచేలా పెడితే, ఒకదాని మీద చెరిపింది రెండోదాని మీదా అదే క్షణంలో చెరిగిపోతుంది. వారానికోసారి వేరే డిస్కులోకి నకలు తీసి సూపరింటెండెంట్ ఆఫీసు బీరువాలో పెట్టించాలి.

బ్యారక్‌లో కంప్యూటర్ ఉండదు, కాగితం ఉంటుంది

ల్యాబ్‌లో గడిపేది 2 గంటలు. సాయంత్రం లెక్కింపు అయ్యాక తాళం పడితే మర్నాటి ఉదయం వరకు బ్యారక్‌లోనే. నిజమైన చదువు ఆ గంటల్లో సాగుతుంది, అది కాగితం మీద సాగాలి. రోజూ ఒక పేజీ కోడ్ అచ్చువేసి ఇవ్వండి. వరుసవారీగా చదువుతూ ఏ చలరాశి (వేరియబుల్) విలువ ఎప్పుడెలా మారుతోందో పట్టిక గీయమనండి. చివరికి తెర మీద ఏమి కనబడుతుందో రాసుకురమ్మనండి. మర్నాడు నడిపి చూసుకుంటారు. ఈ పద్ధతిలో నేర్చుకున్నవారు కోడ్ చదవడంలో చాలా గట్టిపడతారు.

ఈ పేజీల అచ్చులో ఒక జాగ్రత్త ఉంది. మామూలు ఫాంటులో ఒకటి అంకె, చిన్న ఎల్ అక్షరం ఒకేలా ఉంటాయి. సున్నా, పెద్ద ఓ కూడా అంతే. కాగితం చూసి టైప్ చేసేవారు అక్కడే చిక్కుకుపోతారు. డెజావూ సాన్స్ మోనో వంటి సమాన వెడల్పు ఫాంటునే వాడండి. నోటుపుస్తకాలు దారంతో కుట్టినవై ఉండాలి. స్పైరల్ తీగ, స్టేప్లర్ పిన్ను ఉన్నవి గేటు దగ్గరే ఆగిపోతాయి.

ఇంగ్లిషు రానివారికి ప్రోగ్రామింగ్ ఎలా అని అడుగుతారు. భాష కంటే ఎర్రర్ సందేశం పెద్ద అడ్డంకి. ఎర్ర అక్షరాలు కనబడగానే తమని తిట్టినట్టు భావించి చెరిపేస్తారు. మొదటి రోజే ఒక అలవాటు చేయాలి: ముందు లైను నంబరు చూడు, ఆ లైను చూడు, దాని పైలైను చూడు, ఆ తర్వాతే మాటలు చదువు. తరచుగా వచ్చే 40 ఎర్రర్లకి తెలుగులో అర్థం, కారణం రాసిన ఒక అట్ట ప్రతి టేబుల్ మీదా ఉండాలి. ఆ అట్టని విద్యార్థులే పెంచుకుంటూ పోతారు.

ఏ పని నేర్పాలి

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వకూడదు. వాళ్లు గతాన్ని తనిఖీ చేస్తారు, శిక్ష పడినవారిని ఎక్కువచోట్ల అక్కడే ఆపేస్తారు. మనిషి చేసిన పనిని చూసి డబ్బిచ్చే చోట్లను లెక్కలోకి తీసుకోవాలి. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో ఖైదీలు కొట్టిన పెట్రోలునే జనం పోయించుకు వెళ్తున్నారు. పని సరిగ్గా ఉంటే చేతులెవరివని అడిగేవారు తక్కువ.

మన ఊళ్లలో అలాంటి పనుల్లో మొదటిది లెక్కలు. ట్యాలీ ప్రైమ్ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌ని లైసెన్సు లేకుండానే ఎడ్యుకేషనల్ మోడ్‌లో నడపవచ్చు. అందులో నెలకు 1, 2, 31 తేదీల్లో మాత్రమే వోచర్లు (లావాదేవీల నమోదులు) పడతాయి. ఇది ముందే చెప్పకపోతే 15వ తేదీ బిల్లు ఎక్కించబోయి ట్యాలీ చెడిపోయిందనుకుంటారు. అభ్యాసాలన్నీ ఆ మూడు తేదీలకే రాసుకోవాలి. ట్యాలీకి విండోస్ కావాలి కాబట్టి 20లో 6 యంత్రాలు దానికి కేటాయించండి. జీఎస్టీని పేర్లు బట్టీ పట్టించి నేర్పొద్దు. బేగంబజార్ దుకాణం హైదరాబాద్‌లోనే అమ్మితే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ. అదే సరుకు విజయవాడకి పంపితే, రాష్ట్రం దాటింది కాబట్టి ఐజీఎస్టీ. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, మొదటి రెండు 36 అయితే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ఆ రెండంకెలు చూసి ఏ పన్నో చెప్పగలిగినవాడికి సగం వచ్చినట్టే. పోర్టల్ లోపల తెరుచుకోదు, కానీ రిటర్నులకి ప్రభుత్వమే ఇచ్చే ఆఫ్‌లైన్ టూల్ ఉంది. అమ్మకాల రిటర్ను అయిన జీఎస్టీఆర్-1 ఫైలు అందులో తయారు చేయడం దాకా నేర్పవచ్చు.

రెండోది డీటీపీ, అంటే అచ్చుకి వెళ్లే పేజీలను కంప్యూటర్‌లో తయారు చేయడం. తెలుగు ప్రెస్సుల్లో పాత పని ఇంకా అను స్క్రిప్ట్ అనే ఫాంట్ల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది, ప్రభుత్వ పనీ వెబ్ పనీ యూనికోడ్ మీద నడుస్తున్నాయి. యూనికోడ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో మొదలుపెట్టి, రోజుకు 20 నిమిషాల చొప్పున రెండు నెలలు వేళ్లకి అలవాటు చేయాలి. తర్వాత శుభలేఖ, కరపత్రం, ఫ్లెక్సీ. ఫ్లెక్సీకి పంపే ఫైల్లో అక్షరాలను కర్వ్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చకపోతే ప్రెస్సులో ఆ ఫాంట్ లేక ఒత్తులన్నీ చెల్లాచెదురవుతాయి. పెళ్లివారి పేరు తప్పుపడితే ఆ ఫ్లెక్సీ డబ్బు కుర్రాడి జీతంలోంచే పోతుంది. అందుకే ప్రూఫు చదవడం కూడా పాఠమే.

మూడోది రిపేరు. చాలామంది సెల్‌ఫోన్ రిపేరు అడుగుతారు. జైల్లో ఫోన్ నిషిద్ధ వస్తువు. బోర్డు, తెర, బ్యాటరీ మూడూ ఒకచోట చేరితే అది ఫోనే. ఏ సూపరింటెండెంటూ దానికి ఒప్పుకోడు, ఒప్పించబోవడం కూడా మంచిది కాదు. అదే చేతిపనిని ల్యాప్‌టాప్ బోర్డుల మీద, కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌ల మీద, ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్ల మీద నేర్పవచ్చు. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో షార్ట్ వెతకడం వచ్చినవాడికి బయట ఫోన్ బోర్డు కొత్త కాదు. లిథియం బ్యాటరీలు లోపలికి రానే కూడదు. వాటి బదులు డీసీ పవర్ సప్లై వాడాలి.

12 మంది బ్యాచ్‌కి 12 టెంపరేచర్ కంట్రోల్ సోల్డరింగ్ స్టేషన్లు, 12 మల్టీమీటర్లు, 4 హాట్ ఎయిర్ గన్‌లు, 2 పవర్ సప్లైలు కావాలి. 63/37 సోల్డర్ (తగరం, సీసం కలిపిన టంకం) 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సోల్డరింగ్ ఐరన్‌ని 340 దగ్గర ఉంచితే చాలు. అతుకు పడటం లేదని వేడి పెంచుకుంటూ పోతే బోర్డు మీది రాగి లేచిపోతుంది. చాలాసార్లు తప్పు వేడిది కాదు, టిప్ నల్లబడటమో ఫ్లక్స్ లేకపోవడమో అయి ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ విప్పే ముందు ప్లగ్గు తీసినా సరే, లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలిచి ఉంటుందని ప్రతిరోజూ చెప్పించాలి. దాన్ని డిశ్చార్జి చేసి, మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. రిపేరు చేసినదాన్ని మొదటిసారి 100 వాట్ల సిరీస్ బల్బు ద్వారానే ఆన్ చేయాలి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, యంత్రం పేలదు. దీనికి పాతరకం ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు.

పనిముట్లు ఒక్కొక్కరికి ఒక ట్రే, ట్రేలోని స్పాంజిలో వస్తువు ఆకారానికి కోసిన గుంటలు. ఖాళీ గుంట దూరం నుంచే కనబడుతుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి లెక్క. ఒక్క స్క్రూడ్రైవర్ తక్కువైనా ఎవరూ కదలరు, కాబట్టి చివరి 15 నిమిషాలు లెక్కకే వదిలేయండి. బోర్డు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తాగితే ప్రాణం మీదికొస్తుంది. అది బోధకుడి తాళంలోనే ఉండాలి, రోజుకు 10 మిల్లీలీటర్లు చొప్పున డ్రాపర్‌తో ఇచ్చి రాసుకోవాలి.

వెబ్ ప్రోగ్రామింగ్ నాలుగోది. ఏడాది పడుతుంది. డిగ్రీ చూసి ఎంచుకోకండి. రెండు వారాల టైపింగు, తర్కం లెక్కలు పెట్టి, చిక్కుపడినా లేచిపోకుండా కూర్చున్నవారిని తీసుకోండి. పదో తరగతి తప్పినవారు కూడా ఇందులో బాగా నిలబడగలరు.

కూలి, శిక్ష తగ్గింపు రోజులు

చాలా మంచి తరగతులు ఆగిపోయేది ఇక్కడే. శిక్ష పడినవారు జైలు పరిశ్రమల్లో పని చేస్తే రోజు కూలి వస్తుంది, రెమిషన్ (శిక్ష తగ్గింపు) రోజులూ కలుస్తాయి. తరగతికి వస్తే అవి పోతాయంటే ఎవరొస్తారు? ఇంటికి నెలనెలా కొంత పంపుకునేవాడిని చదువు కోసం కూలి వదులుకోమనడం అన్యాయం. తరగతి గంటలను పనిగంటలుగా లెక్కించేలా లిఖితపూర్వక ఆదేశం వచ్చాకే ల్యాబ్ తెరవాలి. ముందే నేర్చుకున్న ఇద్దరు ముగ్గురు దీర్ఘశిక్ష ఖైదీలను సహాయ బోధకులుగా పెడితే వారికి నైపుణ్య పనివారి కూలి ఇప్పించాలి. బయటి బోధకుడు రాలేని రోజున తరగతిని నిలబెట్టేది వాళ్లే.

బయటికొచ్చే మూడు నెలల ముందు

పని వచ్చినా, విడుదలైన మనిషి మొదట ఓటీపీ దగ్గర ఆగిపోతాడు. వాడకుండా వదిలేసిన సిమ్ రద్దయి ఉంటుంది, ఆ నంబరు వేరేవారికి వెళ్లిపోయి ఉండవచ్చు. ఆధార్‌కీ బ్యాంకుకీ ఇంకా అదే నంబరు. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా నిలిచిపోతుంది. రెండేళ్లు తెరవని గూగుల్ ఖాతాను కంపెనీ తీసేయవచ్చు. 2016కి ముందు లోపలికి వెళ్లినవారు యూపీఐ ముఖమే చూసి ఉండరు. అందుకని చివరి నెలల్లో ఒక ముక్క దీనికే ఉండాలి. నకిలీ యూపీఐ తెర ఒకటి సర్వర్‌లో కట్టి డబ్బు పంపడం, అందుకోవడం చేయించాలి. డబ్బు అందుకోవడానికి పిన్ను కొట్టమన్నారంటే అది మోసమని చెప్పాలి. విడుదలైన మొదటి వారంలో వరుస ఇలా ఉండాలి: కొత్త సిమ్, ఆధార్ కేంద్రంలో నంబరు మార్పు, బ్యాంకులో మళ్లీ కేవైసీ, ఆ తర్వాత ఈమెయిలు. వరుస తప్పితే ఒకదాని కోసం ఇంకోదాని దగ్గర తిరగాల్సి వస్తుంది.

సర్టిఫికెట్ మీద జైలు పేరు ఉండకూడదు. పరీక్ష నిర్వహించిన సంస్థ పేరే ఉండాలి, శిక్షణా కేంద్రం చిరునామాలో కూడా 'కారాగారం' అనే మాట రాకుండా దరఖాస్తు రోజునే చూసుకోవాలి. గతం దాచమని మాత్రం నేర్పొద్దు. అడిగినప్పుడు రెండు వాక్యాల్లో చెప్పి, మూడో వాక్యంలో తన పని చూపించడం అభ్యాసం చేయించండి. కేసు కొట్టివేయబడినవారు ఆ తీర్పు నకలు దగ్గరుంచుకోవాలి.

చూపించడానికి పని చేతిలో ఉండాలిగా. లోపల రాసిన కోడ్‌ని గిట్ బండిల్‌గా (మార్పుల చరిత్రతో సహా ఒకే ఫైలుగా), చేసిన డిజైన్లను పీడీఎఫ్‌గా, ట్యాలీ కంపెనీ డేటాను బ్యాకప్‌గా ఒక కొత్త పెన్‌డ్రైవ్‌లోకి అధికారే ఎక్కించి, తనిఖీ చేసి, కవరులో సీలు వేయాలి. విడుదల రోజున గేటు దగ్గర మనిషి బట్టలు, డబ్బు, వాచీ తిరిగి ఇచ్చే జాబితాలోనే ఆ కవరు పేరూ రాసి ఉంచాలి. ఇంకో జైలుకి బదిలీ అయితే ఆ కవరు వారంట్‌తో పాటే వెళ్లాలి. గేటు దగ్గరి గుమస్తాకి ఈ సంగతి తెలిసేలా విడుదలకి వారం ముందే చీటీ పంపండి. సాయంత్రం బెయిలు ఆర్డర్ వస్తే ఎవరూ ల్యాబ్ తాళం తీయరు, కాబట్టి రిమాండ్ వారి కవర్లు ప్రతి శనివారం కొత్తగా నింపి ఆఫీసులో సిద్ధంగా ఉంచాలి.